ఫైలు పేరే జల్లెడ

జిల్లాలోని మండలాలన్నిటి లెక్కలూ ఒకే పెద్ద షీట్‌లో ఉంటాయి. ఒక్కో మండలానికీ ఒక్కో ఫైలు. ‘తెనాలి’ ఫైలు తెరిస్తే తెనాలి వరసలే కనబడాలి. దానికే కాపీ తీసి ‘మంగళగిరి’ అని పేరు మారిస్తే మంగళగిరివి రావాలి. లోపల ఒక్క గడి కూడా ముట్టుకోకూడదు. స్ప్రెడ్‌షీట్లతో రోజూ కుస్తీపట్టే ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు పుట్టే కోరికే ఇది. తీరా చూస్తే, తన పేరు తనకు తెలియడం స్ప్రెడ్‌షీట్‌కు పుట్టుకతో వచ్చిన విద్య కాదు.

1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్‌ల విసికాల్క్ స్ప్రెడ్‌షీట్ ఆపిల్-2 కంప్యూటర్ మీద వచ్చినప్పుడు ఫైలు పేరు డిస్కు వ్యవహారమే. 1983లో లోటస్ 1-2-3 వచ్చింది. అది నడిచిన డాస్‌లో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు, అంతే. ఆ ఇరుకులోనే బ్రాంచి కోడు, నెల, సంవత్సరం కుక్కేవారు. విండోస్ 95 వచ్చి పొడుగు పేర్లకు దారిచ్చాక ఆ అలవాటు ఇంకా ముదిరింది.

ఎక్సెల్‌లో పేరు చెప్పే పని ‘సెల్’ ఫంక్షన్‌ది. ఇతర స్ప్రెడ్‌షీట్లతో పొత్తు కుదరడానికే దీన్ని ఉంచామని మైక్రోసాఫ్టే తన సహాయ పుటల్లో రాసుకుంది. ‘ఫైల్‌నేమ్’ అని అడిగితే అది పేరొక్కటే ఇవ్వదు, ఇంటి చిరునామా అంతా అప్పజెబుతుంది: సి:\లెక్కలు\[తెనాలి.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్]షీట్1. చదరపు బ్రాకెట్ల మధ్యది కోసుకోవడం మన పని. అందుకే ‘మిడ్’, ‘ఫైండ్’ ఫంక్షన్లు కలిపి కట్టిన బారెడు ఫార్ములా చేతులు మారుతూ వచ్చింది. ‘టెక్స్ట్‌బిఫోర్’, ‘టెక్స్ట్‌ఆఫ్టర్’ వచ్చాకే అది కాస్త పొట్టిదయింది. ఫైలును ఒక్కసారైనా సేవ్ చేయకపోతే జవాబు ఖాళీ. ఫంక్షన్‌కు ఏదో ఒక గడిని చూపకపోతే, లెక్క కట్టే వేళకు ఎంపికలో ఉన్న గడి ఎక్కడుంటే అక్కడి సంగతి చెబుతుంది. రెండు ఫైళ్లు తెరిచి ఉంటే ఇక పక్కవాడి పేరే రావచ్చు.

పేరు దొరికాక జల్లించడం సులువే. 2018లో ప్రకటించిన ‘ఫిల్టర్’ ఫంక్షన్‌కు ఆ పేరు అందిస్తే చాలు. ఎక్సెల్‌లోనే ఉన్న పవర్ క్వెరీ ఈ పనిని తిరగేసి కూడా చేస్తుంది: ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ కలిపి, ఏ వరస ఏ ఫైలుదో పక్క కాలమ్‌లో రాసిపెడుతుంది.

గూగుల్ షీట్స్ 2006లో మొదలైంది. అక్కడా ‘సెల్’ ఉంది కానీ ఫైలు పేరు అడిగితే చెప్పదు. ‘ఇంపోర్ట్‌రేంజ్’తో డేటా తెచ్చుకోవచ్చు, ‘క్వెరీ’తో వడకట్టొచ్చు, పేరుకు మాత్రం యాప్స్ స్క్రిప్ట్‌లో రెండు మూడు లైన్లు రాసుకోవాలి. అలా రాసుకున్న ఫంక్షన్ తనకిచ్చిన విలువలు మారితేనే మళ్లీ లెక్కకడుతుంది. పేరు మార్చినా పాత మండలమే కనబడటానికి కారణం తరచూ ఇదే.

నాకైతే ఫైలు పేరుతో జల్లించే ఈ పద్ధతి ముచ్చటగానే ఉంటుంది, నమ్మకం మాత్రం తక్కువ. డౌన్‌లోడ్‌లో ‘(1)’ తగులుకున్నా, కాపీ తీసినప్పుడు పేరు ముందు ‘కాపీ ఆఫ్’ చేరినా వరసలన్నీ మాయం. పోనీ రహస్యం దాగుతుందా అంటే అదీ లేదు. ఒక మండలం ఫైలులో ‘ఇంపోర్ట్‌రేంజ్’కు ఒకసారి అనుమతి ఇచ్చాక, ఆ ఫైలును ఎడిట్ చేయగలిగినవాళ్లు పెద్ద షీట్‌లోంచి ఏ మండలాన్నయినా లాక్కోవచ్చు. ఒకరి లెక్కలు ఇంకొకరి కంట పడకూడదనుకుంటే, మూల షీట్‌నే మండలాలవారీగా విడగొట్టి ఇవ్వాలి.