కోల్‌స్లా

కోల్‌స్లా అనేది సన్నగా తరిగిన పచ్చి కాబేజీలో పులుపు, ఉప్పు, నూనె లేదా మయొనైజ్ కలిపి చల్లగా వడ్డించే వంటకం. ఇది సలాడ్ల కోవకు చెందుతుంది. ఐరోపా, అమెరికా దేశాలలో దీనిని వేయించిన మాంసానికి, రొట్టెకు తోడుగా తింటారు. దీనిని పొయ్యి మీద పెట్టవలసిన పని లేదు కనుక ఇంట్లో పావుగంటలో తయారు చేసుకోవచ్చు. అయితే ఉడికించినప్పుడు నశించే సూక్ష్మజీవులు, పరాన్నజీవుల గుడ్లు ఈ వంటకంలో నశించవు. అందువలన కోల్‌స్లా తయారీలో కూరను ఎంచుకోవడం, కడగడం అన్నిటికంటె ముఖ్యమైన పనులు. ఆంధ్ర ప్రదేశ్‌లోని అరకు లోయ, దాని చుట్టుపక్కల తూర్పు కనుమల ప్రాంతంలో కాబేజీ, కారట్, పలు రకాల ఆకుకూరలు పండుతాయి. ఈ వంటకానికి కావలసిన దినుసులు దాదాపు అన్నీ అక్కడే లభిస్తాయి.

పేరు, చరిత్ర

డచ్చి భాషలో 'కోల్' అంటే కాబేజీ, 'స్లా' అంటే సలాడ్. ఈ రెండు మాటల కలయికయే కోల్‌స్లా. 18వ శతాబ్దంలో అమెరికాలో స్థిరపడిన డచ్చి వారి ద్వారా ఈ పేరు ఆంగ్ల భాషలో ప్రవేశించింది. మొదటి మాటను చల్లదనాన్ని సూచించే 'కోల్డ్'గా పొరబడి కొందరు దీనిని 'కోల్డ్ స్లా' అని కూడా పిలిచారు. తొలినాళ్ళలో ఇందులో వినెగర్, నూనె లేదా కరిగించిన వెన్న కలిపేవారు. 20వ శతాబ్దంలో మయొనైజ్ సీసాలలో అమ్మకానికి వచ్చిన తరువాత తెల్లని, చిక్కని కోల్‌స్లా ప్రచారంలోకి వచ్చింది.

తెలుగువారి వంటలలో దీనికి దగ్గరి పోలికలు ఉన్నవి పెరుగు పచ్చడి, కోసంబరి. పచ్చి దోసకాయ, కారట్, ముల్లంగి తురుములో నిమ్మరసం గాని పెరుగు గాని కలిపి తినడం మనకు కొత్త కాదు. కాబేజీని మాత్రం తెలుగు ఇళ్ళలో ఎక్కువగా ఉడికించి పెసరపప్పు కూరగానో, వేపుడుగానో, పచ్చడిగానో వండుతారు.

అరకు లోయలో కాబేజీ

కాబేజీ ఆవాల కుటుంబానికి చెందిన మొక్క. శాస్త్రీయ నామం బ్రాసికా ఒలరేసియా. మధ్యధరా, పశ్చిమ ఐరోపా తీర ప్రాంతాలు దీని జన్మస్థానం. భారతదేశానికి ఐరోపా వారి ద్వారా వచ్చింది. 15 నుండి 20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత దీనికి అనుకూలం. ఎండ ఎక్కువైతే గడ్డ గట్టిగా కట్టదు. అందువలన మైదాన ప్రాంతాలలో దీనిని ప్రధానంగా శీతాకాలపు పంటగా వేస్తారు.

అరకు లోయ విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. 2022 ఏప్రిల్ 4 వరకు ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ రోజున ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. ఇక్కడి చల్లని వాతావరణం కాబేజీ, కాలీఫ్లవర్, కారట్, బంగాళాదుంప వంటి పంటలకు అనువైనది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు, పండ్లు సరఫరా చేయడానికి అరకులో ఒక తోటను నెలకొల్పారు. అదే నేటి పద్మాపురం ఉద్యానవనం.

నారు పోసిన నాలుగైదు వారాలకు మొక్కలను నాటుతారు. 'గోల్డెన్ ఏకర్' వంటి స్వల్పకాలిక రకాలు నాటిన రెండు నెలలకు కోతకు వస్తాయి. కొండ గ్రామాల రైతులు తమ కూరగాయలను అరకు, సుంకరమెట్ట, హుకుంపేట, పాడేరు మొదలైన చోట్ల జరిగే వారపు సంతలకు తెచ్చి అమ్ముతారు.

గిరిజనుల భోజనంలో ఆకుకూరలు

ఈ ప్రాంతంలో బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జ, గదబ, ఖోండు మొదలైన గిరిజన తెగలవారు నివసిస్తున్నారు. చోడి అంబలి, సామ అన్నం వారి సంప్రదాయ ఆహారం. వీటికి తోడుగా పెరటిలో పండించినవి, అడవిలో సేకరించినవి అనేక ఆకులను వండుకుంటారు. తోటకూర, గోంగూర, మునగాకు, గుమ్మడి ఆకు, చింతచిగురు, తగిరిసాకు ఇందులో కొన్ని. వర్షాకాలంలో లేత వెదురు కొమ్ములను కూడా తింటారు. వీటిలో చాలా ఆకులను ఉడికించి, అవసరమైతే ఆ నీటిని వంపి వండుతారు. దీనివలన చేదు, దురద కలిగించే పదార్థాలు తగ్గుతాయి. వెదురు కొమ్ములలో ఉండే సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలు కూడా బాగా ఉడికించడం వలన తొలగిపోతాయి. కోల్‌స్లా ఈ సంప్రదాయంలోని వంటకం కాదు. కనుక వండుకునే ఆకులన్నిటినీ పచ్చిగా అందులో వేయడం తగదు.

ఆకుల ఎంపిక

- పచ్చిగా వాడదగినవి: కొత్తిమీర, పుదీనా, ఉల్లికాడలు, లేత మెంతికూర, లేత ముల్లంగి ఆకు, లేత ఆవాకు, లెట్యూస్. వీటిలో ఒకటి రెండు రకాలు చాలు. కాబేజీలో నాలుగవ వంతుకు మించకుండా వేస్తే రుచి చెడదు.
- కొద్దిగా మాత్రమే వాడదగినవి: లేత పాలకూర, గోంగూర, చింతచిగురు. చింతచిగురు వేసినప్పుడు నిమ్మరసం తగ్గించవచ్చు. పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువ కనుక మూత్రపిండాలలో రాళ్ళు ఉన్నవారు దానిని మానడం మంచిది.
- ఉడికించి మాత్రమే తినవలసినవి: తోటకూర, చామాకు, తగిరిసాకు, కర్రపెండలం ఆకు, వెదురు కొమ్ములు. చామాకులోని సూదుల వంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు నోటిలో, గొంతులో తీవ్రమైన దురద కలిగిస్తాయి. కర్రపెండలం ఆకులో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలు ఉంటాయి.

ఏదో తెలియని అడవి ఆకును పచ్చిగా రుచి చూడరాదు.

శుభ్రపరచడం

కాబేజీలోని పురుగు మెదడులోకి వెళుతుందనే భయం జనంలో బాగా ఉంది. ఇందులో రెండు వేరువేరు విషయాలు కలిసిపోయాయి. కాబేజీ ఆకుల మధ్య కనిపించే ఆకుపచ్చని పురుగు సాధారణంగా డైమండ్ బ్యాక్ మాత్ అనే రెక్కల పురుగు లార్వా. ఇది మొక్కను తింటుంది గాని మనిషి శరీరంలో బ్రతకదు. మెదడుకు హాని చేసేది పంది మాంసం ద్వారా సంక్రమించే బద్దెపురుగు. ఈ పురుగు ఉన్న మనిషి మలంలో దాని గుడ్లు వెలువడతాయి. అవి కంటికి కనిపించవు. ఆరుబయట మలవిసర్జన వలన గాని, కలుషితమైన నీటి వలన గాని ఇవి కూరగాయలను చేరతాయి. ఆ గుడ్లను మింగితే వాటినుండి వెలువడిన పిల్లలు రక్తం ద్వారా మెదడును చేరి తిత్తులుగా మారవచ్చు. మూర్ఛ వ్యాధికి ఇది ఒక ముఖ్య కారణం. శాకాహారులకు కూడా ఈ జబ్బు రావడానికి కారణం ఇదే. కాబట్టి ఇది కాబేజీకి పరిమితమైనది కాదు. నేలకు దగ్గరగా పెరిగి, పచ్చిగా తినే ఏ ఆకుకైనా వర్తిస్తుంది.

పరిశుభ్రమైన వంటింటిలో కూడా పొలంలోని లోపం సరిదిద్దబడదని 1981లో కెనడాలో జరిగిన సంఘటన తెలుపుతుంది. అక్కడి తూర్పు తీర రాష్ట్రాలలో కోల్‌స్లా తిన్నవారిలో లిస్టీరియా అనే బాక్టీరియా వ్యాధి వ్యాపించింది. గుర్తించిన 41 కేసులలో 34 గర్భిణులకు, అప్పుడే పుట్టిన శిశువులకు సంబంధించినవి. వ్యాధి సోకిన గొర్రెల పచ్చి ఎరువును కాబేజీ పొలంలో వేయడం దీనికి మూలమని పరిశోధనలో తేలింది. లిస్టీరియా శీతల ఉష్ణోగ్రతలో కూడా పెరుగుతుంది. అందువలన ఫ్రిజ్‌లో ఉంచినంత మాత్రాన రక్షణ ఉండదు.

ఇంట్లో పాటించవలసిన పద్ధతి ఇది:

1. పగుళ్ళు, కుళ్ళు లేని గట్టి గడ్డను ఎంచుకోవాలి. పై ఆకులు మూడు నాలుగు తీసివేయాలి. మట్టి, పురుగుమందుల అవశేషాలు ఎక్కువగా వీటి మీదనే ఉంటాయి.
2. గడ్డను నాలుగు భాగాలుగా కోసి, మధ్యనున్న కాడ తొలగించి, పొరలను విడదీయాలి.
3. ఒక్కొక్క ఆకును రెండు వైపులా ధారగా పడే నీటిలో వేళ్ళతో రుద్ది కడగాలి. ఉప్పు నీటిలో నానబెడితే దాగిన పురుగులు పైకి తేలుతాయి గాని బద్దెపురుగు గుడ్లు చావవు. వాటిని తొలగించేది రుద్ది కడగడమే.
4. ఊట, గెడ్డ లేదా బావి నీరు వాడే చోట, మరిగించి చల్లార్చిన నీటితో చివరిసారి కడగాలి.
5. ఆకులను శుభ్రమైన బట్టపై ఆరబెట్టాలి. మాంసం కోసిన కత్తిపీటను, పలకను కడగకుండా వాడరాదు.

నీటిపై గాని, పంట వచ్చిన చోటుపై గాని నమ్మకం లేనప్పుడు తరిగిన కాబేజీని మరిగే నీటిలో రెండు నిమిషాలు ఉంచి, వెంటనే మరిగించి చల్లార్చిన నీటిలో వేయాలి. కరకరలాడే గుణం కొంత తగ్గినా తినడానికి బాగుంటుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు, వృద్ధులకు ఈ పద్ధతే మేలు.

తయారు చేసే విధానం

నలుగురికి కావలసిన పదార్థాలు:

- కాబేజీ – 300 గ్రాములు
- కారట్ – 1
- ఉల్లికాడలు, కొత్తిమీర లేదా లేత మెంతికూర – కలిపి 60 గ్రాములు
- చిక్కని పెరుగు – 150 గ్రాములు
- నిమ్మరసం – 2 చెంచాలు
- తేనె – 1 చెంచా
- మిరియాల పొడి, ఆవపిండి – అర చెంచా చొప్పున
- వేయించి దంచిన వలిసెల పొడి – 1 చెంచా
- అయోడైజ్డ్ ఉప్పు – 1 చెంచా

కాబేజీని దారాల వలె సన్నగా తరిగి, ఉప్పు కలిపి 20 నిమిషాలు ఉంచాలి. ఉప్పు కణాలలోని నీటిని బయటకు లాగుతుంది. ఆ నీటిని పిండివేయకపోతే తరువాత కోల్‌స్లా పలుచబడుతుంది. పెరుగును పలుచని బట్టలో కట్టి అరగంట వేలాడదీసి, అందులో నిమ్మరసం, తేనె, మిరియాల పొడి, ఆవపిండి కలిపి గిలకొట్టాలి. పిండిన కాబేజీ, కారట్ తురుము, తరిగిన ఆకులు ఇందులో కలిపి పైన వలిసెల పొడి చల్లాలి. పావుగంట తరువాత వడ్డించాలి.

ఇందులోని చాలా దినుసులు కొండ ప్రాంతంలోనే దొరుకుతాయి. మిరియాల తీగలను కాఫీ తోటలలో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లపై పాకిస్తారు. చలికాలం మొదట్లో లోయను పసుపు పచ్చగా మార్చే పూలు వలిసె పంటవి. తేనెను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ గిరిజనుల నుండి కొని అమ్ముతుంది.

ఎర్ర కాబేజీ వాడితే నిమ్మరసం తగలగానే ఊదారంగు గులాబీ రంగుకు మారుతుంది. పులుపును బట్టి రంగు మారే ఆంథోసయనిన్లు దీనికి కారణం. పాఠశాలలో ఆమ్ల, క్షార పరీక్షకు ఎర్ర కాబేజీ రసాన్ని వాడేది ఇందుకే.

పోషక విలువలు

100 గ్రాముల పచ్చి కాబేజీలో నీరు 92 శాతం వరకు ఉంటుంది. శక్తి 25 కిలోకేలరీలు, పీచు రెండున్నర గ్రాములు, విటమిన్ సి సుమారు 36 మిల్లీగ్రాములు లభిస్తాయి. ఇది పెద్దవారి రోజువారీ విటమిన్ సి అవసరంలో దాదాపు సగం. ఎక్కువసేపు ఉడికిస్తే ఈ విటమిన్ చాలావరకు నశిస్తుంది. మయొనైజ్‌లో 100 గ్రాములకు సుమారు 680 కిలోకేలరీలు ఉండగా పెరుగులో 60 మాత్రమే ఉంటాయి. ఇంట్లో పచ్చి గుడ్డుతో చేసిన మయొనైజ్‌లో సాల్మొనెల్లా బాక్టీరియా ఉండే అవకాశం ఉంది.

పచ్చి కాబేజీలో అయోడిన్ వినియోగానికి అడ్డుపడే పదార్థాలు కొద్దిగా ఏర్పడతాయి. అయోడిన్ సరిపడా అందేవారికి అప్పుడప్పుడు తినడం వలన హాని లేదు. వర్షాలకు కొట్టుకుపోయి కొండ నేలలలో అయోడిన్ తక్కువగా ఉండే అవకాశం ఉంది కనుక, అటువంటి చోట అయోడైజ్డ్ ఉప్పు వాడడం, గాయిటర్ ఉన్నవారు కాబేజీని వండి తినడం మంచిది.

నిలువ ఉంచడం

పెరుగుతో చేసిన కోల్‌స్లాను చేసిన రోజునే తినాలి. గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచరాదు. మరునాటికి కావాలంటే శుభ్రపరచిన కూరను, పెరుగు మిశ్రమాన్ని వేరువేరుగా ఫ్రిజ్‌లో ఉంచి, తినే ముందు కలుపుకోవాలి.