బురదకు కొలత వచ్చిన విధము

చమురుకై భూమిని లోతుగా తొలుచువారికి ఉక్కు గొట్టమెంత ముఖ్యమో, దానిలో ప్రవహించు బురదయు నంత ముఖ్యము. తిరుగుచున్న గొట్టము గుండ దిగి, మొనవద్ద వెలువడి, తొలిచిన రాతిపొడిని మోసికొనుచు పైకి వచ్చునట్టి ఆ ద్రవమే బోరు గోడలను కూలకుండ నిలుపును. అడుగున నున్న వాయువుల యొత్తిడిని అదిమిపట్టును. ఇంత భారమును మోయుదానిలో ఏది యెంత యున్నదో తెలిసికొనుటకు మాత్రము ముప్పాతిక శతాబ్దము పట్టెను.

1901 జనవరి 10వ తేదీన అమెరికాలో టెక్సాస్ రాష్ట్రమందలి స్పిండిల్‌టాప్ మిట్టపై చమురు మిన్నంటెను. ఆ బోరును త్రవ్విన హామిల్ సోదరులు, జారిపోవు ఇసుకను నిలుపుటకై నీటిగుంటలో పశువులను తోలి త్రొక్కించి బురద చేసిరని చెప్పుదురు. ఆనాడు దాని మంచిచెడ్డలను కంటితో చూచి, వ్రేళ్ల నడుమ నలిపి నిర్ణయించుటయే గాని వేరు కొలత లేదు. పిమ్మట, 1920ల నాటికి, బురదకు బరువు నిచ్చుటకై ముగ్గురాయి పొడిని కలుప నారంభించిరి. మన కడప సీమలోని మంగంపేట ముగ్గురాయి తరువాతి కాలమున ఆ పనికే దేశదేశముల చమురు క్షేత్రములకు పోయెను.

1931లో హాలన్ మార్ష్ అను అమెరికా ఇంజనీరు ప్రకటించిన గరాటుతో తొలి సులభమైన కొలత లభించెను. పండ్రెండంగుళముల పొడవు, ఆరంగుళముల మూతి గల ఆ గరాటు మూతిలో సగము మేర జల్లెడ యుండును. అడుగు రంధ్రమును వ్రేలితో మూసి, జల్లెడ నంటువరకు, అనగా 1500 మిల్లీలీటర్ల బురద పోసి, వ్రేలు తీసి, అందుండి 946 మిల్లీలీటర్లు కారుటకు ఎన్ని సెకన్లు పట్టునో లెక్కింతురు. మంచినీటికి 26 సెకన్లు పట్టును; అంతకు మించిన ప్రతి సెకనును బురద చిక్కదనమునకు సాక్షి.

కాని చిక్కదనము ఫలితమును చెప్పునే గాని కారణమును చెప్పదు. బంకమన్ను పెరిగినను సెకన్లు పెరుగును, జిగురు పదార్థము పెరిగినను పెరుగును. 1930ల చివర పిండిపదార్థము, తరువాతి దశాబ్దమున కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్, అటుపిమ్మట జాంథాన్ జిగురు, మనము కూర వండుకొను గోరుచిక్కుడు జాతి గింజలనుండి తీసిన గ్వార్ జిగురు, పాలీ ఆక్రిలమైడు బురదలో చేరినకొలది ఈ సందిగ్ధత బలిసెను. తిరుగుడు విస్కోమీటరుపై నిమిషమునకు 600, 300 చుట్ల వేగములవద్ద చూచు రెండు లెక్కలు ప్రవాహ స్వభావమును మరింత విశదము చేసెను గాని, ఈ జిగురు పదార్థముల, అనగా పాలిమర్ల, పరిమాణమును చెప్పజాలకపోయెను.

పాలీ ఆక్రిలమైడు విషయమున ఈ లోపము మరింత కష్టము తెచ్చెను. నీరు తగిలి ఉబ్బు షేలు రాతికి అది పూతవలె పట్టి కాపాడును. ఆ పట్టుటలోనే తాను ఖర్చగును. కావున ఎంత కలిపితిమన్న లెక్క ఎంత మిగిలెనన్న ప్రశ్నకు జవాబు కాదు. అందుకై రసాయన పరీక్ష వచ్చెను. బురదను వడకట్టి, ఆ వడపోత నీటిని కాస్టిక్ సోడాతో కాచినచో అమైడు భాగమునుండి అమోనియా వెలువడును; దానిని బోరిక్ ఆమ్లములో పట్టి, తెలిసిన గాఢత గల ఆమ్లముతో బొట్టుబొట్టుగా తూచినచో పాలిమర్ లెక్క తేలును. 1975లో స్కాగిన్స్, మిల్లర్ అను శాస్త్రజ్ఞులు నీటిలో కరగిన అమైడులకు వేరొక మార్గము చూపిరి. అమైడుపై బ్రోమిన్‌ను ప్రయోగించి, మిగులు బ్రోమిన్‌ను తొలగించి, అయొడైడును, పిండిపదార్థమును చేర్చగా నీలవర్ణ మేర్పడును. ఆ నీలిమ గాఢతయే కొలత.

అన్నము ఉడికెనో లేదో ఒక మెతుకు పట్టి చూచిన చాలును. బురద విషయమున వడపోత నీటి బొట్టు కడవ యంతటికి సాక్ష్యము కాదు. రాతిపొడికి అంటిన పాలిమర్ అందులోనికి రాదు. అమోనియా లవణములు ముందే యున్నచో లెక్క తప్పుడుగా పెరుగును. అందుచేతనే గరాటు నేటికిని రిగ్గు విడిచి పోలేదు. ప్రవర్తనను చెప్పు గరాటును, పరిమాణమును చెప్పు రసాయన పరీక్షయు ఒకదానికొకటి తోడు కావలసినవే గాని, ఒకదాని స్థానమున మరియొకటి నిలువదగినవి కావు. కనుక నీటితో పనిచేయు ఏ పరిశ్రమయందైనను, కొలత సంఖ్యను వ్రాయువారు ఆ సంఖ్య ఏ పద్ధతిచే వచ్చెనో దాని ప్రక్కనే వ్రాయుట తమ కనీస ధర్మముగా నెంచవలెను.