రాజధాని చుట్టూ 64 మైళ్లు

1964 ఆగస్టు 17న మేరీల్యాండ్ గవర్నర్ రిబ్బన్ కత్తిరించడంతో అమెరికా రాజధాని వాషింగ్టన్ చుట్టూ వలయం పూర్తయింది. మొత్తం 64 మైళ్లు. అందులో 42 మైళ్లు మేరీల్యాండ్‌వి, మిగతా 22 వర్జీనియావి. అప్పటి ఫెడరల్ హైవేల అధిపతి రెక్స్ విట్టన్ దీన్ని మహానగరానికి తొడిగిన పెళ్లి ఉంగరంతో పోల్చారు. పేరు క్యాపిటల్ బెల్ట్‌వే, నంబరు ఐ-495.

దీన్ని వేసింది ఊళ్లోవాళ్ల కోసం కాదు. బాల్టిమోర్ వైపు నుంచి రిచ్‌మండ్ వైపు పోయే లారీలు, దూరప్రయాణపు కార్లు నగరం నడిబొడ్డున ఇరుక్కోకుండా పక్కనుంచి వెళ్లిపోవాలని ఇంజనీర్ల ఆలోచన. 1956 చట్టంతో ఇంటర్‌స్టేట్ రోడ్ల ఖర్చులో 90 శాతం కేంద్రమే భరించడం మొదలయ్యాక పని ఊపందుకుంది. దారి పొడవునా అప్పుడు ఎక్కువగా పొలాలు, అడవులే. అందుకే వర్జీనియా చాలాచోట్ల నాలుగు లేన్లు చాలనుకుంది. మేరీల్యాండ్ చాలాచోట్ల ఆరు వేసింది.

వలయానికి ముందే దక్షిణాన పొటోమాక్ నది మీద వుడ్రో విల్సన్ వంతెన సిద్ధమైంది. దాన్ని 1961 డిసెంబరు 28న ప్రారంభించారు. అది దివంగత అధ్యక్షుడు విల్సన్ 105వ జయంతి. ఆయన భార్య ఎడిత్ ఆ సభకు రావలసి ఉంది. ఆమె ఆ రోజే 89 ఏళ్ల వయసులో కన్నుమూశారు. వంతెన మీద ఆరు లేన్లు. రోజుకు 75,000 వాహనాలు పోతాయని లెక్కగట్టి కట్టారు. కింద ఎత్తయిన ఓడ వెళ్లాలంటే మధ్యభాగం పైకి లేవాలి, రెండు వైపులా బండ్లు ఆగాలి.

రోడ్డు వచ్చాక ఊరు దాని దగ్గరికి నడిచొచ్చింది. బెల్ట్‌వే కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. వర్జీనియాలోని టైసన్స్ కార్నర్ 1950లలో నాలుగు రోడ్ల కూడలి, అంతే. 1968లో అక్కడ పెద్ద షాపింగ్ మాల్ తెరిచారు. ఆ వెనకే ఆఫీసు భవనాలు లేచాయి. పొద్దున్నే శివార్ల నుంచి నగరంలోకి పోయే జనం ఒక శివారు నుంచి మరో శివారుకు పోవడం మొదలుపెట్టారు. నగరాన్ని తప్పించుకోవడానికి వేసిన దారి వాళ్ల ఊరి ప్రధాన వీధి అయింది. పదేళ్లు తిరిగేసరికి వెడల్పు చేయక తప్పలేదు. 1970లలో రెండు రాష్ట్రాలూ చాలాభాగాన్ని ఎనిమిది లేన్లకు పెంచాయి.

సరిగ్గా అప్పుడే ఇంకో బరువు వచ్చి మీద పడింది. ఐ-95 జాతీయ రహదారి నగరం మధ్యగా పోవాలని మొదటి పథకం. తమ ఇళ్లు, పేటలు పోతాయని నగరవాసులు ఏళ్ల తరబడి పోరాడి దాన్ని ఆపారు. ఆ రోడ్లకు పోవలసిన డబ్బులో చాలాభాగం మెట్రో రైలుకు మళ్లింది. 1977లో ఐ-95ను బెల్ట్‌వే తూర్పు సగం మీదికి మార్చారు. ఆ పోరాటం న్యాయమైనదని నేను గట్టిగా నమ్ముతాను. అయితే నగరం దించుకున్న బరువును ఆ తూర్పు సగం ఎత్తుకుంది.

ఆ బాధ అందరికన్నా ఎక్కువ పడింది విల్సన్ వంతెన. అటూ ఇటూ ఎనిమిది లేన్లు, వంతెన మీద ఆరే. 1990ల చివరికి రోజుకు దాదాపు రెండు లక్షల వాహనాలు. చివరికి పక్కనే 12 లేన్ల కొత్త వంతెన కట్టారు. ఒక భాగం 2006లో, రెండోది 2008లో తెరిచారు. నీటి మీంచి పాతదాని ఎత్తు 50 అడుగులైతే కొత్తదాని ఎత్తు 70, కాబట్టి ఓడల కోసం లేపే అవసరం బాగా తగ్గింది. 2006 ఆగస్టులో ఓ అర్ధరాత్రి దాటాక పాత వంతెనలో కొంతభాగాన్ని పేల్చేశారు. ఆ పేలుడు మీట నొక్కే అవకాశం ఎవరికివ్వాలో తేల్చడానికి పోటీ పెట్టారు: ఈ వంతెన మీద అందరికన్నా ఎక్కువ అవస్థ పడ్డదెవరని. ఏళ్ల తరబడి దానిమీద ప్రయాణిస్తూ, ఆ దగ్గర్లోనే ప్రమాదంలో తుంటి దెబ్బతిన్న ఒకాయన గెలిచి, మీట నొక్కారు.

ఇంకా వెడల్పు చేయాలంటే స్థలమేది? వర్జీనియా మొదట వేసుకున్న పథకంలో వందలాది ఇళ్లు, దుకాణాలు పోయేవి. 2002లో ఒక ప్రైవేటు కంపెనీ రోడ్డు పక్క మార్జిన్లలోనే సర్దే వేరే పద్ధతి తెచ్చింది. 2012 నవంబరులో 14 మైళ్ల పొడవున నాలుగు టోల్ లేన్లు తెరిచారు. రద్దీ పెరిగేకొద్దీ టోల్ పెరుగుతుంది. ముగ్గురెక్కిన కారుకు టోల్ లేదు.

మేరీల్యాండ్ కూడా 2017లో అదే బాట పట్టింది. సర్వేలో ఒక పాత గాయం బయటపడింది. క్యాబిన్ జాన్ దగ్గర గిబ్సన్ గ్రోవ్ అనే నల్లజాతివారి పేట ఉండేది. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లు కట్టుకున్న పేట అది. 1960ల మొదట్లో బెల్ట్‌వే దాన్ని చీల్చుకుంటూ పోయింది. చర్చి ఒక వైపు, మోజెస్ హాలు అనే వాళ్ల సభాభవనమూ శ్మశానమూ మరో వైపు అయ్యాయి. రోడ్డు వెడల్పు చేస్తే సమాధుల మీదికి వస్తుందని ఆ పేటవారి వారసులు ఎదురుతిరిగారు. 2021లో అధికారులు ప్లాను మార్చి శ్మశానాన్ని తప్పించారు. ఒక రోడ్డు 60 ఏళ్ల తర్వాత ఆ మనుషుల కోసం పక్కకు జరిగింది. ఆ పని మొదటిసారే చేసి ఉండవలసింది. తర్వాత 2023లో ఆ టోల్ లేన్ల ప్రాజెక్టు చేపట్టిన ప్రైవేటు కంపెనీ దాన్నుంచి తప్పుకుంది.

వాయవ్యాన పొటోమాక్‌ను దాటే అమెరికన్ లీజియన్ వంతెనను 1992లో 10 లేన్లకు పెంచారు. తర్వాత పెంచలేదు. వర్జీనియాలోని హెర్న్‌డన్, యాష్‌బర్న్‌లలో ఉండే తెలుగువాళ్లు మేరీల్యాండ్‌లోని లాన్‌హామ్ శివవిష్ణు ఆలయానికి వెళ్లాలంటే మామూలు దారి దాని మీదుగానే. డల్లెస్ టోల్ రోడ్డు మీద ఎంత వేగంగా వచ్చినా, రద్దీ వేళ ఆ వంతెన ముందు అందరితోపాటు నిలబడాల్సిందే.