పాత ఎస్‌యూవీకి స్పార్క్ ప్లగ్గులు: ధర కాదు, నంబరు చూసి కొనాలి

సూరత్ నుంచి హజీరా వెళ్లే దారిలో ఉంటుంది ఇచ్ఛాపూర్. ఆ చుట్టుపక్కల ఎటు చూసినా సహజవాయువుతో ముడిపడిన పరిశ్రమలే. హజీరాలో ఓఎన్‌జీసీ గ్యాస్ ప్లాంటు, ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ ఉన్నాయి. కవాస్‌లో గ్యాస్‌తో నడిచే ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం ఉంది. ఉత్తరాదికి గ్యాస్ మోసుకెళ్లే హజీరా-విజయ్‌పూర్-జగదీశ్‌పూర్ పైప్‌లైన్ మొదలయ్యేదీ ఇక్కడే. గుజరాత్‌లో సీఎన్‌జీ విరివిగా దొరుకుతుంది కాబట్టి పాత పెట్రోలు బండ్లను గ్యాస్‌కు మార్చుకోవడం అక్కడ మామూలు విషయం.

మగ్గాల పనికోసం తెలంగాణ జిల్లాల నుంచి సూరత్ వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాటిలో ఏదైనా కుటుంబం సెకండ్ హ్యాండ్‌లో ఒక పెట్రోలు ఎస్‌యూవీ కొనుక్కుని, పండక్కి దాంట్లోనే కరీంనగర్‌కో సిరిసిల్లకో బయల్దేరిందనుకుందాం. ఒక్క వైపు ప్రయాణమే వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూ. ఘాట్ ఎక్కేటప్పుడు బండిలో మిస్సింగ్ మొదలైతే అందరి వేళ్లూ ముందు చూపించేది స్పార్క్ ప్లగ్గులనే. షాపుకు వెళ్తే మామూలు ప్లగ్గు ఒక ధర, ఇరీడియం ప్లగ్గు దానికి నాలుగైదు రెట్లు. ఖరీదైనది వేసుకుంటే సమస్య తీరుతుందనే సలహా వెంటనే వస్తుంది. కానీ ప్లగ్గు ఎంపికలో ధర ఆఖరున చూడాల్సిన విషయం.

అన్నిటికంటే ముందు బండి దేనితో నడుస్తుందో చూసుకోవాలి. మన రోడ్ల మీది పాత ఎస్‌యూవీల్లో అధిక భాగం డీజిల్‌వే. సుమో, బొలెరో, సఫారీ, స్కార్పియోల్లో డీజిల్ ఇంజిన్లకు స్పార్క్ ప్లగ్గులే ఉండవు. వాటిలో ఉండేది గ్లో ప్లగ్గు. అది చలిలో స్టార్ట్ కావడానికి దహన గదిని వేడెక్కిస్తుంది తప్ప నిప్పురవ్వ పుట్టించదు. స్పార్క్ ప్లగ్గు అవసరమయ్యేది 1985లో వచ్చిన మారుతీ జిప్సీ, హోండా సీఆర్-వీ, గ్రాండ్ విటారా, డస్టర్ పెట్రోలు, ఎకోస్పోర్ట్ పెట్రోలు వంటి వాటికి. ఎన్ని కావాలన్నది కూడా బండిని బట్టి మారుతుంది. నాలుగు సిలిండర్లకు నాలుగు, 2.7 లీటర్ల వీ6 ఇంజిన్‌తో వచ్చిన గ్రాండ్ విటారా ఎక్స్‌ఎల్-7కు ఆరు. మెర్సిడెస్ ఎంఎల్320లో సిలిండరుకు రెండేసి చొప్పున పన్నెండు! సెకండ్ హ్యాండ్ బేరంలో ఇలాంటి లెక్కలు ఎవరూ చెప్పరు.

ప్లగ్గు ఆ ఇంజిన్‌లో సరిగ్గా పట్టాలంటే నాలుగు కొలతలు కలవాలి. మర వ్యాసం (ఎక్కువ బండ్లలో 14 మిల్లీమీటర్లు, కొత్త ఇంజిన్లలో 12), మర పొడవు, స్పానర్ పట్టే తల సైజు, హెడ్ మీద ఆనే చోటు చదునుగా ఉందా ఏటవాలుగా ఉందా అన్నది. వీటిలో ప్రమాదకరమైన పొరపాటు పొడవు దగ్గర జరుగుతుంది. 19 మిల్లీమీటర్ల ప్లగ్గు ఉండాల్సిన చోట 26.5 మిల్లీమీటర్లది బిగిస్తే కొన కిందికి దిగి పిస్టన్‌కో వాల్వుకో తగలవచ్చు. పొట్టిది వేస్తే ఖాళీగా మిగిలిన మరల్లో మసి పేరుకుంటుంది. తర్వాత సరైన ప్లగ్గు తెచ్చినా లోపలికి దిగదు.

ఇక హీట్ రేంజ్. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ప్లగ్గు కొన దాదాపు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీది మసి తనంతట తాను కాలిపోతుంది. 850 దాటితే ఆ కొనే నిప్పుకణికలా మారి, స్పార్క్ రాకముందే ఇంధనాన్ని అంటించేస్తుంది. ఈ రెండు హద్దుల మధ్య ఉంచడమే హీట్ రేంజ్ చేసే పని. వేడిని త్వరగా హెడ్‌లోకి వదిలేసేది కోల్డ్ ప్లగ్గు, నిలుపుకునేది హాట్ ప్లగ్గు. చిక్కేమిటంటే ఈ అంకెల వరస కంపెనీకో తీరుగా ఉంటుంది. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో అంకె పెరిగితే ప్లగ్గు చల్లన. బాష్, చాంపియన్‌లలో అంకె పెరిగితే వేడి. ఎన్‌జీకే 6కు డెన్సోలో 20, బాష్‌లో 7 దాదాపు సమానం. ‘పాతదాని మీద 6 ఉంది, ఇక్కడా 6 ఉంది’ అని బ్రాండు మార్చి కొంటే వేరే ప్లగ్గు కొన్నట్టే. మన దగ్గర పాత మెకానిక్‌లు ఇప్పటికీ ‘మైకో ప్లగ్గు’ అంటారు. బెంగళూరు కేంద్రంగా పనిచేసిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ అది. 2008లో పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది. కాబట్టి వాళ్ల నోట వచ్చే అంకె బాష్ లెక్కలోది అయ్యుండే అవకాశం ఉంది.

ప్లగ్గు మీది కోడ్ చదవడం కష్టమేమీ కాదు. ఎన్‌జీకేలో బాగా కనిపించే ‘బీపీఆర్6ఈఎస్-11’ను తీసుకుంటే, ‘బీ’ అంటే 14 మిల్లీమీటర్ల మర, 20.8 మిల్లీమీటర్ల తల. ‘పీ’ అంటే పింగాణీ కొన ముందుకు పొడుచుకొచ్చిన రకం. ‘ఆర్’ అంటే లోపల రెసిస్టర్ ఉంది. 6 హీట్ రేంజ్. ‘ఈ’ అంటే 19 మిల్లీమీటర్ల పొడవు. చివరి 11 అంటే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు. ఇందులో ‘ఆర్’ను తేలిగ్గా తీసుకోకూడదు. రెసిస్టర్ లేని ప్లగ్గు వేస్తే పాత కార్బ్యురేటర్ బండిలో రేడియో గరగరలాడటంతో సరిపోవచ్చు. కంప్యూటర్‌తో నడిచే ఇంజెక్షన్ ఇంజిన్‌లో సెన్సర్ల సంకేతాలే చెడిపోతాయి. సరైన కోడ్ కోసం ఓనర్స్ మాన్యువల్‌నో, ఇంజిన్ నంబరు ఆధారంగా కంపెనీ క్యాటలాగ్‌నో చూడాలి. బండిలో ఇప్పుడున్న ప్లగ్గు సాక్ష్యంగా పనికిరాదు. వెనకటి ఓనరు ఏది దొరికితే అది వేయించి ఉండొచ్చు.

లోహం సంగతి. ‘కాపర్ ప్లగ్గు’ అని పిలిచేదానిలో రాగి ఉండేది లోపలి కడ్డీలో. నిప్పురవ్వ పుట్టే కొన నికెల్ మిశ్రమం. నికెల్ 1455 డిగ్రీల దగ్గర, ప్లాటినం 1768 దగ్గర, ఇరీడియం దాదాపు 2450 దగ్గర కరుగుతాయి. గట్టి లోహం కాబట్టి ఇరీడియం కొనను సన్నగా చేయవచ్చు. సన్నటి కొన నుంచి తక్కువ వోల్టేజీకే స్పార్క్ దూకుతుంది, అరుగుదల నెమ్మది. మామూలు నికెల్ ప్లగ్గు ముప్ఫై, నలభై వేల కిలోమీటర్లు వస్తే, లాంగ్ లైఫ్ ఇరీడియం లక్ష దాకా వస్తుంది. అయితే ఇరీడియం అని రాసి ఉన్నవన్నీ లాంగ్ లైఫ్ కావు. మధ్య కొనకు మాత్రమే ఇరీడియం ఉండి, ఎదురుగా వంగి ఉండే భాగం నికెల్‌దే అయితే ఆయుష్షు అంతగా పెరగదు. ఒకే కాయిల్ రెండు సిలిండర్లకు స్పార్క్ ఇచ్చే పాత ఇంజిన్లలో సగం ప్లగ్గుల్లో విద్యుత్తు తిరగబడి ప్రవహిస్తుంది కనుక, రెండు వైపులా గట్టి లోహం ఉన్నవే నిలుస్తాయి. కంపెనీ నికెల్ చాలని చెప్పిన జిప్సీ లాంటి బండికి ఇరీడియం వేస్తే పవర్ పెరుగుతుందని ఆశపడటం అనవసరం. కంపెనీ ఇరీడియం వేయమన్న బండికి నికెల్ వేసి డబ్బు మిగిలిందనుకోవడం కూడా అంతే తప్పు.

సీఎన్‌జీ దగ్గరికొస్తే లెక్క కొంచెం మారుతుంది. సిలిండర్‌లో ఒత్తిడికి గురైన గ్యాస్ మిశ్రమంలో స్పార్క్ దూకడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు ఇచ్చే చల్లదనం గ్యాస్‌లో ఉండదు. పెట్రోలు మీద ఎలాగోలా నడిచిన అరిగిన ప్లగ్గు గ్యాస్‌కు మార్చగానే మిస్ కొడుతుంది. అప్పుడు కిట్‌ను తిట్టుకుంటారు. గ్యాస్ బండ్లలో గ్యాప్‌ను పెట్రోలు కొలత కంటే 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు తగ్గించడం, మార్చే గడువును కుదించడం వాడుకలో ఉన్న పద్ధతి. ఒక మెట్టు కోల్డ్ ప్లగ్గు వేయాలా అన్నది కిట్ తయారీదారు సూచనను బట్టి తేల్చుకోవాలి, ఊహతో కాదు. సన్నటి ఇరీడియం కొన తక్కువ వోల్టేజీకే పనిచేస్తుంది కాబట్టి, దాని ఖరీదుకు నిజంగా విలువ దక్కేది గ్యాస్ బండిలోనే అనుకోవచ్చు. మిస్‌ఫైర్‌ను నిర్లక్ష్యం చేస్తే కాలని ఇంధనం సైలెన్సర్ దారిలో మండి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కరిగించేస్తుంది. దాని ధర ముందు ఎన్ని సెట్ల ప్లగ్గులైనా చిన్న ఖర్చే.

విప్పిన పాత ప్లగ్గులను పారేయకుండా, ఏ సిలిండర్‌ది ఏదో గుర్తు పెట్టుకుని వరసగా పేర్చి చూడాలి. లేత గోధుమ లేదా బూడిద రంగు ఆరోగ్యానికి గుర్తు. పొడి నల్లమసి ఉంటే ఇంధనం ఎక్కువ పోతోంది. జిడ్డుగా తడిసి ఉంటే లోపలికి ఇంజిన్ ఆయిల్ వస్తోంది, దానికి ప్లగ్గు మందు కాదు. పింగాణీ తెల్లబడి పొక్కులు కట్టి ఉంటే వేడి మితిమీరుతోంది. గ్యాస్ మీద నడిచే బండిలో మాత్రం ప్లగ్గు మామూలుగానే పాలిపోయి శుభ్రంగా కనిపిస్తుంది, పొక్కులు లేనంతవరకు దాన్ని చూసి బెదరనక్కర్లేదు. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు కూడా, సర్దుబాటు చేసుకునే సెన్సర్లు లేని కార్బ్యురేటర్ ఇంజిన్‌లో మిశ్రమాన్ని పలచన చేస్తుంది. పాత జిప్సీ ప్లగ్గు తెల్లబడితే ముందు కార్బ్యురేటర్‌ను ట్యూన్ చేయించాలి.

కొనేటప్పుడు నకిలీల బెడద ఉంది, ముఖ్యంగా ఇరీడియంలో. కోడ్ అచ్చు చెదిరినట్టున్నా, సన్నగా ఉండాల్సిన కొన మొద్దుగా ఉన్నా, ధర నమ్మలేనంత తక్కువున్నా వదిలేయడం మేలు.

బిగింపులో తొందర పనికిరాదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పాలి. వేడి మీద అల్యూమినియం హెడ్ మరలు ఊడొస్తాయి. విప్పేముందు గుంతలోని దుమ్మును గాలితో ఊదేయాలి. కొత్తదాన్ని మొదట చేత్తోనే తిప్పాలి. 14 మిల్లీమీటర్ల వాషర్ ప్లగ్గు చేతికి బిగుసుకున్నాక, స్పానర్‌తో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు చాలు. ఏటవాలు సీటు ఉన్నదానికి చుట్టులో పదహారో వంతే. టార్క్ రెంచ్ ఉంటే 14 మిల్లీమీటర్ల వాషర్ ప్లగ్గుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. మరలకు గ్రీజు పూయడం చాలా షెడ్లలో అలవాటు. పూత వేసిన నేటి ప్లగ్గులకు అది వద్దని తయారీదారులే చెబుతున్నారు, ఎందుకంటే జారుడు వల్ల తెలియకుండానే అతిగా బిగుస్తాయి. ఇరీడియం ప్లగ్గు గ్యాప్ సరిచేయాల్సి వస్తే మధ్య కొనను తాకకుండా, వంగి ఉన్న భాగాన్ని మాత్రమే కదపాలి. సన్నటి ఆ కొన చిన్న దెబ్బకే విరుగుతుంది.