బందరు నోబుల్ బడి, బ్రాంట్‌ఫర్డ్ మొహాక్ బడి

బందరు నోబుల్ కాలేజీ పేరు వినని తెలుగువారు తక్కువ. పట్టాభి సీతారామయ్యగారు చదువుకున్నదీ, రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు పాఠాలు చెప్పినదీ అక్కడే. ఆ బడి ఒకప్పుడు పిల్లలు లేక వెలవెలబోయిందన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు.

రాబర్ట్ నోబుల్ కేంబ్రిడ్జిలో చదివిన పాదిరీ. చర్చి మిషనరీ సొసైటీ పంపగా 1841లో బందరు చేరి, 1843 నవంబరులో బడి తెరిచాడు. మళ్ళీ స్వదేశం ముఖం చూడకుండా 1865లో బందరులోనే కన్నుమూశాడు. పెద్ద కులాల పిల్లలకు ఇంగ్లీషు నేర్పుతూ, దానితోపాటు బైబిలు కూడా చెప్పాలన్నది ఆయన పద్ధతి. బైబిలు పాఠం వద్దంటే కుదరదు. పెద్ద కులాలవారు బెదిరిపోకుండా మాల, మాదిగ పిల్లలను చేర్చుకోలేదు.

తల్లిదండ్రుల లెక్క వేరు. ఇంగ్లీషు వస్తే కచేరీలో ఉద్యోగం వస్తుంది. బైబిలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తే సరి అనుకున్నారు. 1852లో ఆ లెక్క తప్పింది. అయినాల భూషణం, మంచాల రత్నం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పుచ్చుకున్నారు. మిషను కంటికి అది బడి సాధించిన ఫలం. ఇంటివారి కంటికి అంతకు మించిన అపచారం లేదు. ఊరు అట్టుడికింది. తల్లిదండ్రులు పిల్లలను మానిపించారు, బడి ఖాళీ అయింది. కొంతకాలానికి ఉద్యోగాల మీది ఆశ వాళ్ళను తిరిగి రప్పించింది. ఆ ఇద్దరూ తరువాత పాదిరులయ్యారు.

ఇందులో మేము గమనించినది ఒకటి. దొరల రాజ్యంలో కూడా ఆ తండ్రులకు 'మా పిల్లవాణ్ణి పంపం' అనే హక్కు మిగిలింది. కులం బలం, కలిమి బలం వాళ్ళ వెనక ఉన్నాయి. వేరే బడి గడప ఎక్కనివ్వని మాల, మాదిగల పిల్లలకు ఆ తరువాత మిషను బడులే దిక్కయ్యాయి. వాళ్ళ తల్లిదండ్రులకు మానిపిస్తామని బెదిరించే వీలెక్కడిది?

ఆ వీలు బొత్తిగా లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే మనం కాపురముంటున్న ఈ అంటారియోలోనే చూడవచ్చు. మార్కమ్ నుంచి కారులో గంటన్నర దూరంలో బ్రాంట్‌ఫర్డ్ ఉంది. అక్కడి మొహాక్ ఇన్‌స్టిట్యూట్ ఈ దేశపు ఆదివాసుల పిల్లలకోసం మిషను నడిపిన వసతి బడి. పిల్లలు ఇంటి భాష మాట్లాడితే తప్పు, పారిపోతే మరీ పెద్ద తప్పు. 1903లో పిల్లలే బడికి నిప్పు పెట్టారు. భవనం మళ్ళీ కట్టారు గాని పద్ధతి మారలేదు. పారిపోయిన ఆడపిల్లలకు చేసిన శిక్షల మీద ఒక తండ్రి కోర్టుకెక్కాడు. 1914లో జూరీ ఆయనకు నాలుగు వందల డాలర్లు ఇప్పించింది: మూడు రోజులు నీళ్ళ మీద ఉంచినందుకు వంద, కొరడాతో కొట్టినందుకు మూడు వందలు. వైద్యులం కనుక చెబుతున్నాము, ఎదిగే పిల్లను మూడు రోజులు పస్తుంచడాన్ని క్రమశిక్షణ అనలేము.

తీర్పు వచ్చినా బడి మూతపడలేదు. పైగా 1920లో చట్టం సవరించి, ఏడు మొదలు పదిహేనేళ్ళ ఆదివాసి పిల్లలను బలవంతంగానైనా బడికి పంపే అధికారం ప్రభుత్వం తీసుకుంది. బందరు తండ్రులు చేసినపని ఇక్కడ నేరమైపోయింది. మొహాక్ బడి 1970లో గాని మూతపడలేదు. దేశమంతటా ఇటువంటి బడులలో లక్షా యాభై వేలమందికి పైగా పిల్లలు గడిపారని 2015లో సత్య, సమాధాన సంఘం తేల్చింది.

నోబుల్ మంచివాడు, బ్రాంట్‌ఫర్డ్ పెద్దలు చెడ్డవారు అని మా వాదన కాదు. బోధించిన మతం రెండు చోట్లా ఒకటే. ఒకచోట పిల్లవాడి వెనక గట్టి ఇల్లు ఉంది, రెండోచోట ఆ ఇంటినే చట్టం పక్కకు నెట్టింది. మన పిల్లల బడి నుంచి పిలుపు వస్తే పనులు మానుకుని వెళ్ళడానికి, మర్యాదగానే ప్రశ్నలడగడానికి మనవారు మొహమాటపడుతుంటారు. ఆ మొహమాటం మానాలి.

వేసవిలో చుట్టాలను నయాగరాకు తీసుకువెళ్ళేటప్పుడు కాస్త దారి మళ్ళితే బ్రాంట్‌ఫర్డ్ వస్తుంది. ఆ భవనాన్ని వుడ్‌లాండ్ సాంస్కృతిక కేంద్రంవారు కూల్చకుండా కాపాడుకున్నారు. పిల్లలను కూడా తీసుకువెళ్ళండి.