మైదానం నుంచి మైకు ముందుకు: బేస్‌బాల్ వ్యాఖ్యానంలో మాజీ ఆటగాళ్లు

అమెరికాలో పెద్ద లీగ్ బేస్‌బాల్ మ్యాచ్ రేడియోలో తొలిసారి వినిపించింది 1921 ఆగస్టు 5న. పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ కేంద్రం నుంచి ఆ రోజు మ్యాచ్‌ను వినిపించిన హెరాల్డ్ ఆర్లిన్ వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఉద్యోగి. మాజీ ఆటగాడే మైకు పట్టి ఒక జట్టు మ్యాచ్‌లను క్రమం తప్పకుండా వినిపించడం అనే ఒరవడి 1932లో క్లీవ్‌లాండ్‌లో జాక్ గ్రేనీతో మొదలైంది. తొమ్మిది దశాబ్దాలు గడిచేసరికి మాజీ ఆటగాడు లేని బేస్‌బాల్ ప్రసారం అరుదైపోయింది. ఇంతమందిని అక్కడికి చేర్చింది వారి పేరుప్రతిష్ఠలేనని చాలామంది అనుకుంటారు. ఆధారాలు చూస్తే నాకు అలా అనిపించదు. మైకు ముందు నిలదొక్కుకున్నవారిని నిలబెట్టింది ఆటను గమనించే అలవాటు. ఆ అలవాటు తారల కంటే సామాన్య ఆటగాళ్లకే ఎక్కువగా అబ్బింది.

గ్రేనీ క్లీవ్‌లాండ్ జట్టులో 1922 దాకా అవుట్‌ఫీల్డర్. బేబ్ రూత్ పెద్ద లీగ్‌లో పిచర్‌గా అడుగుపెట్టిన 1914 నాటి మ్యాచ్‌లో ఆయన బంతిని మొదట ఎదుర్కొన్న బ్యాటర్ ఈయనే. రేడియోకు వచ్చేనాటికి జట్టు వేరే ఊళ్లో ఆడుతుంటే వ్యాఖ్యాత వెంట వెళ్లేవాడు కాదు. టెలిగ్రాఫ్‌లో ముక్కలు ముక్కలుగా అందే సమాచారాన్ని స్టూడియోలో కూర్చుని మ్యాచ్‌గా మలిచి చెప్పాలి. బంతి ఎటు పోయిందో తంతి చెబుతుంది. ఆ మూల గోడ ఎంత ఎత్తు, అక్కడ ఎండ కళ్లలో పడుతుందా అన్నది చెప్పదు. ఆ మైదానాల్లో ఏళ్ల తరబడి పరుగెత్తిన గ్రేనీకి అవన్నీ తెలుసు. ఆయన వర్ణనకు బలం అక్కడి నుంచే వచ్చింది. అయినా ఆ అనుభవమే ఆయనకు అడ్డమూ అయింది. మాజీ ఆటగాడు పక్షపాతం చూపుతాడేమోనన్న శంకతో బేస్‌బాల్ కమిషనర్ ల్యాండిస్ 1934 వరల్డ్ సిరీస్ వ్యాఖ్యానానికి ఆయన్ను అనుమతించలేదు. గ్రేనీ నిరసన తెలిపారు. మరుసటి ఏడాది సీబీఎస్ తరఫున ఆ అవకాశం దక్కించుకున్నారు.

రేడియో యుగపు తర్వాతి ఇద్దరూ పిచర్లే, స్వభావాల్లో మాత్రం ఉత్తర దక్షిణ ధ్రువాలు. సిన్సినాటి జట్టుకు 1942 నుంచి 1965 దాకా వ్యాఖ్యానం చెప్పిన వెయిట్ హోయ్ట్ ప్రతి బంతినీ భూతకాలంలోనే చెప్పేవారు. నోరు తెరిచేలోగా అది జరిగిపోయి ఉంటుంది కాబట్టి అదే నిజాయితీ అని ఆయన పట్టుదల. వాన పడి ఆట ఆగితే రూత్ కథలు చెప్పేవారు. ఆ వాన కథలకు ఎంత గిరాకీ వచ్చిందంటే వాటిని రికార్డులుగా కూడా విడుదల చేశారు. ఇక డిజ్జీ డీన్. 1934లో 30 విజయాలు సాధించిన ఈ పిచర్ గాయంతో త్వరగా ఆటకు దూరమై 1941లో సెయింట్ లూయిస్‌లో మైకు అందుకున్నారు. అర్కాన్సాస్ పల్లె యాసను దాచుకోలేదు. పిల్లల వ్యాకరణం చెడిపోతోందని మిస్సోరీ ఉపాధ్యాయులు ఫిర్యాదు చేసినా శ్రోతలు ఆయన్నే కోరుకున్నారు. ఆ ఊరి బ్రౌన్స్ జట్టు పిచర్లను విమర్శిస్తూ, వాళ్లకంటే తానే నయమని రేడియోలో అన్నందుకు 1947 సీజన్ చివరి మ్యాచ్‌లో జట్టు ఆయన్నే బరిలోకి దింపింది. నాలుగు ఇన్నింగ్స్‌లు వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. తాను విమర్శించే పనిని తానే చేసి చూపించగల వ్యాఖ్యాతకు ఎంత సాధికారత దక్కుతుందో ఆ నాలుగు ఇన్నింగ్స్‌లు చెబుతాయి.

టెలివిజన్ వచ్చాక ప్రశ్నే మారింది. ఏం జరిగిందో ప్రేక్షకుడు కళ్లారా చూస్తున్నాడు. ఎందుకు జరిగిందో చెప్పేవాడు కావాలి. దాంతో ఆటను వరుసగా చెప్పే వ్యాఖ్యాత పక్కన విశ్లేషకుడి కుర్చీ వెలిసింది. ఆ కుర్చీలో క్యాచర్లు బాగా రాణించారు. కారణం మైదానంలోనే ఉంది. మన క్రికెట్‌లో వికెట్‌కీపర్ లాగే బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ తన జట్టువాళ్లందరినీ ఎదురుగా చూస్తాడు. ఏ బంతి వేయాలో పిచర్‌కు సైగ చేస్తాడు. బ్యాటర్ పాదాలు ఎక్కడున్నాయో, ఫీల్డర్లు ఎంత ముందుకొచ్చారో ప్రతి బంతికీ లెక్కగడతాడు.

దీనికి టిమ్ మెక్‌కార్వర్‌ను మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. 2001 నవంబరు 4, వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్. అరిజోనా, న్యూయార్క్ యాంకీస్ జట్ల స్కోరు 2-2. మూడు బేస్‌లూ నిండి ఉన్నాయి. బౌండరీ దాకా కొట్టనక్కర్లేదు, ఒక్క పరుగు వస్తే చాలు. అందుకే యాంకీస్ ఇన్‌ఫీల్డర్లను ముందుకు పిలిచింది. ఫాక్స్ చానల్‌లో మెక్‌కార్వర్ వెంటనే ప్రమాదాన్ని పసిగట్టారు. యాంకీస్ పిచర్ రివేరా వేసే బంతి ఎడమచేతి బ్యాటర్ చేతుల వైపు దూసుకొస్తుంది, బ్యాట్ విరిగి బంతి ఇన్‌ఫీల్డర్ల వెనక ఖాళీలో పడుతుంది, వారిని ముందుకు తేవడంలోని ముప్పు ఇదేనని వివరించారు. తర్వాతి బంతికే అరిజోనా బ్యాటర్ లూయిస్ గొంజాలెజ్ కొట్టిన బంతి సరిగ్గా అక్కడే పడింది. అరిజోనా విజేత అయింది. దీన్ని జోస్యం అనడం అన్యాయం. రెండు దశాబ్దాలు క్యాచర్‌గా కూర్చున్నవాడి లెక్క అది.

వ్యాఖ్యాతలకు 1978 నుంచి ఇస్తున్న ఫోర్డ్ ఫ్రిక్ పురస్కారం జాబితా కూడా ఇదే దారి చూపుతుంది. జో గరజియోలా (1991), బాబ్ యూకర్ (2003), జెర్రీ కోల్మన్ (2005), టోనీ కుబెక్ (2009), మెక్‌కార్వర్ (2012), కెన్ హారెల్సన్ (2020), మరణానంతరం గ్రేనీ (2022): ఈ ఏడుగురిలో ఒక్కరూ ఆటగాడిగా హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నిక కాలేదు. ముగ్గురు క్యాచర్లు. యూకర్ బ్యాటింగ్ సగటు కేవలం .200. 1971 నుంచి 2024 దాకా మిల్వాకీ శ్రోతలకు ఆయన గొంతే వేసవి. హోయ్ట్, డీన్, నలభై ఏళ్లు యాంకీస్ మ్యాచ్‌లు చెప్పిన ఫిల్ రిజూటో, మెట్స్ వ్యాఖ్యాత రాల్ఫ్ కైనర్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆటగాళ్లే కాబట్టి దీన్ని నియమంగా చెప్పను. మొగ్గు మాత్రం స్పష్టం.

ఈ తలుపు అందరికీ ఒకేసారి తెరుచుకోలేదు. జాకీ రాబిన్సన్ 1965లో ఏబీసీ విశ్లేషకుడిగా నల్లజాతివారికి జాతీయ ప్రసారంలో చోటు తెచ్చారు. ఒక జట్టు మ్యాచ్‌లను సీజన్ పొడవునా వినిపించే నల్లజాతి వ్యాఖ్యాత కోసం 1971లో యాంకీస్ మాజీ ఆటగాడు బిల్ వైట్‌ను తీసుకునేదాకా ఆగాల్సి వచ్చింది. వైట్ 18 సీజన్లు చేసి, 1989లో నేషనల్ లీగ్ అధ్యక్షుడయ్యారు.

విమర్శకులూ లేకపోలేదు. చదువు, పాత్రికేయ శిక్షణ లేని ఆటగాళ్లకు మైకు కట్టబెట్టడాన్ని క్రీడా వ్యాఖ్యాత హోవర్డ్ కోసెల్ తీవ్రంగా తప్పుబట్టారు. ఆయన కోపంలో న్యాయం ఉంది, కాని గురి తప్పింది. వ్యాఖ్యానానికి చేటు తెచ్చేది ఆటగాడి గతం కంటే జట్టు యాజమాన్యం ఒత్తిడి. 16 సీజన్లు మెట్స్ మ్యాచ్‌లు చెప్పిన మెక్‌కార్వర్‌ను ఆ జట్టు 1998 తర్వాత వదులుకుంది. సొంత జట్టు తప్పులను మొహమాటం లేకుండా చెప్పడమే కారణమని అప్పట్లో గట్టిగా వినిపించింది.

తెలుగులో కూడా ఐపీఎల్ వ్యాఖ్యానానికి వేణుగోపాల రావు, ఎమ్మెస్కే ప్రసాద్ వంటి మాజీ క్రికెటర్లు వచ్చారు. మన విశ్వవిద్యాలయాల జర్నలిజం శాఖలు ఆ ప్రసారాలను ఇప్పటినుంచే భద్రపరచాలి, వాటిలో విశ్లేషణ ఎంతో ప్రచారం ఎంతో తూచే పరిశోధన చేపట్టాలి.