ఆ డప్పు ఎవరిది?

వినాయక నిమజ్జనం రాత్రి బెజవాడలో డీజే బండి దాటుతుంటే చెవికన్నా ముందు ఛాతీ అదురుతుంది.

లండన్‌లో ఈ అదురుకి రాసిపెట్టిన చరిత్ర ఉంది. జమైకా నుంచి వలస వచ్చినవాళ్ళు వీధి సౌండ్ సిస్టమ్‌లని వెంట తెచ్చుకున్నారు. 1990లలో అక్కడి డీజేలు అమెరికన్ గరాజ్ రికార్డుల వేగం పెంచి, బేస్ బరువెక్కించారు. అదే యూకే గరాజ్. ఆ ‘గరాజ్’ 1977 నుంచి 1987 దాకా న్యూయార్క్‌లో నడిచిన ప్యారడైజ్ గరాజ్ క్లబ్బు పేరు. పేరు దాచి తెల్ల లేబుల్‌తో వదిలిన రికార్డులూ ఉన్నాయి. అయినా అవెవరివో ఆరా తీసి రాసేవాళ్ళున్నారు. ఇవాళ కొత్త పాట వచ్చినా అంతే.

మరి మన దగ్గర?

నా చిన్నప్పుడు పెళ్ళికి మైకు సెట్టు, ఊరేగింపుకి డప్పులు. చితుకుల మంట మీద డప్పు కాచి, తేమ పోయి చర్మం బిగిశాక వేళ్ళతో తట్టి చూసుకునేవాళ్ళు. తర్వాత జనరేటరు, బాక్సుల బండి వచ్చాయి. మా పేట డప్పుల వాళ్ళకి పిలుపులు తగ్గాయి.

తీరా చూస్తే ఆ మిక్సుల్లో మోగేదీ డప్పే. ఎవరో కొట్టిందాన్ని ముక్కలు కోసి బేస్ మీద అతికించిన తీన్మార్. మధ్యమధ్యలో డీజే పేరు వినిపిస్తుంది. కొట్టినవాడి పేరు వినపడదు.

మొన్న బండి మీది కుర్రాణ్ణి అడిగాను: “ఈ డప్పు ఎవరిది తమ్ముడూ?”

“ఏమో అన్నా, పెన్‌డ్రైవ్‌లో వచ్చింది.”

మా పేటలో డప్పు కొట్టినవాళ్ళ పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పటికి నాలుగు దొరికాయి.